మన్ననూరు టీ కొట్టు పెద్దాయనకు

మీ పేరు తెలియదు, అందుకే ఇలా దండం పెడుతున్నాను.

శ్రీశైలం రోడ్డు మీద, అడవి జంతువుల కోసం, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు కదా. ఆలోపే దాటేయాలని నేను తొందరపడుతుంటే, మీరు వంగి నా ముందు టైరు మీద వేలు రాసి చూశారు. నున్నగా అరిగిపోయింది. “డ్యాము కాడి దిగుడుల ఇది ఆగదు, తెల్వదా బిడ్డా?” అన్నారు. తెలుసన్నాను. కాసేపు నన్నే చూసి, “ఎవలు పోయిండ్రు?” అనడిగారు.

తమ్ముడు. బండి వాడిదే.

ఇంట్లో అందరూ నేను గట్టిగా నిలబడ్డానని మెచ్చుకున్నారు. ఘాట్‌లో మలుపు తప్ప ఇంకేమీ తలలోకి రాదు, వాడు కూడా రాడు. అందుకే వెళ్లేవాణ్ని. రైడింగ్ సరదా అని చెప్పుకునేవాణ్ని. మీ ముందు ఆ అబద్ధం నోరు దాటలేదు.

మీరు ఓదార్చలేదు (అదే మేలైంది). తాళంచెవి జేబులో వేసుకుని మంచం చూపించారు, తెల్లారి అచ్చంపేట బస్సెక్కించారు. ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడుతున్నాను. కొత్త టైరుతో వస్తాను, బండి ఎండలో పెట్టకండి.