మంత్రి గారూ, మా పెరడు ఎన్ని ఎకరాలు?

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్తే సార్. మాది జనగామ దగ్గర ఊరు. ఉద్యోగం కోసం ఉప్పల్‌లో ఉంటున్నా, శనివారం వచ్చిందంటే బస్సెక్కి ఇంటికి పోతా. మొన్న వానాకాలంలో పంటల నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నా. ముప్పై గుంటల (ముప్పావు ఎకరం) చెలకలో ఏం వేశారని అడిగాడు. మా అమ్మ మొదలుపెట్టింది: కంది సాళ్లు, వాటి నడుమ పెసర, బొబ్బర్లు, ఓ మూలకు పచ్చజొన్న, గట్టు మీద పుంటికూర, బావి వైపు బీర, కాకర... పిల్లగాడు పాపం నవ్వి, "అమ్మా, ఒక్కటి చెప్పు" అన్నాడు. కంది అని రాసుకుని పోయాడు.

తప్పు అతనిది కాదు. ఒక్కొక్కరికి ఐదు వేల ఎకరాల క్లస్టర్ అప్పగించి బొబ్బర్లు కూడా లెక్కపెట్టమంటే ఎవరి వల్లా కాదు. కానీ ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. సర్కారు దగ్గర ఎకరాల లెక్క ఉంది, క్వింటాళ్ల లెక్క ఉంది, ఇంట్లో పండించుకుని ఇంట్లోనే తినే దానికి మాత్రం గడే లేదు. లెక్కలో లేనిదానికి పథకం ఎక్కడి నుంచి వస్తుంది?

ముందే చెబుతున్నా, వరి మీద నాకేం కోపం లేదు. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాల పైచిలుకు వరి వేస్తే 153 లక్షల టన్నుల ధాన్యం వచ్చిందని మీ సర్కారే ప్రకటించింది. మా నాన్న గట్క తాగి పెరిగిన మనిషి, వాళ్లకు తెల్లన్నం పండుగ నాడే, కాబట్టి ఆ లెక్క విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. పెరట్లో బియ్యం పండవు. మరి ఆ అన్నంలోకి కూర? హైదరాబాద్‌కు టమాటా మదనపల్లె నుంచి, కోలారు నుంచి రావాలి, ఉల్లిగడ్డ మహారాష్ట్ర నుంచి రావాలి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, చుట్టూ ఎటు చూసినా పత్తి ఉన్న మా ఊళ్లో, కిరాణా కొట్టు ముందు నిలబడి నాలుగు కాయలు లెక్కపెట్టి కొనుక్కున్నారు. రైతులు సార్, కొన్నది రైతులు.

మా ఇంటి వెనక పెరడు రెండు గుంటలు ఉంటుందేమో. బోలు తోమిన నీళ్లు చిన్న కాలువగా పోయి అరటి మొదట్లో పడతాయి, అక్కడి నుంచి బచ్చలి తీగకు. చిక్కుడు పందిరి కింద కోళ్లు. పొట్లకాయ వంకర పోకుండా కొసకు చిన్న రాయి కట్టి వేలాడదీస్తుంది అమ్మ. బీర విత్తనం మేం ఎప్పుడూ కొనలేదు. బాగా కాసిన పాదుకు ఒక కాయను కోయకుండా ముదరనిచ్చి, ఎండినాక తొడిమెకు దారం కట్టి వంటింటి దూలానికి వేలాడేస్తుంది. పొగకు నల్లబడుతుంది, పురుగు పట్టదు. మృగశిర రాగానే దించి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది, గలగలమంటే విత్తనం బాగున్నట్టు. ఈ మధ్య పక్క వీధి వాళ్లు కూడా వచ్చి అడిగి తీసుకుపోతున్నారు, ఎందుకంటే వాళ్లు కొన్న ప్యాకెట్ విత్తనం మరుసటి ఏడు మళ్లీ వేస్తే కాయలు ఒకటి ఒకలా, ఒకటి ఇంకోలా వస్తున్నాయి. హైబ్రిడ్ అంతే కదా.

ఇంత చేసుకున్నా పక్క చెలక మన చేతిలో ఉండదు. రెండేళ్ల కింద పక్కన పత్తిలో గడ్డి మందు కొట్టారు. గాలి మా వైపు మళ్లింది. నాలుగు రోజుల్లో బొబ్బర తీగ పసుపెక్కి వాడిపోయింది, గట్టు మీది పుంటికూర మాడిపోయింది. గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనానికి ఈ దేశంలో అనుమతి లేదు, అయినా మా వైపు దొరుకుతూనే ఉంది. ఆ మందుతో పోయేది గడ్డి ఒక్కటే కాదు. ఎవరూ విత్తకుండానే చెలకల్లో మొలిచే గంగవాయిలి, చెంచలి, తోటకూర అన్నీ పోతాయి. కలుపు తీసి వచ్చేటప్పుడు ఆడవాళ్లు కొంగులో కట్టుకొచ్చే కూరలవి. ఒక పక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని చెబుతోంది, ఆశా వర్కర్ ఐరన్ గోలీలు తెచ్చిస్తోంది, ఇంకో పక్క ఉత్త పుణ్యానికి దొరికే ఆకుకూర మీద మందు కొడుతున్నాం.

డబ్బుల సంగతి. రైతుభరోసా కింద పెట్టుబడి సాయం ఏడాదికి ఎకరానికి 12,000 అన్నారు. మా ముప్పై గుంటలకు 9,000, పదెకరాల ఆసామికి 1,20,000. ఆయన ఊరి ముఖం చూడకపోయినా పడతాయి, ఆయన భూమిని కౌలుకు చేసే మా చిన్నాయనకు పైసా రాదు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వడానికి 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం ఉందిగా అంటారు, కార్డు చూపించమంటే ఎవరి దగ్గరా ఉండదు.

ఇక ఆయిల్‌పామ్. దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది కాబట్టి వేయమనడంలో న్యాయం ఉంది, కాదనను. 2021లో కేంద్రం 11,040 కోట్లతో మిషన్ పెట్టింది, మొక్కకు సబ్సిడీ, డ్రిప్పుకు సబ్సిడీ. కానీ మొదటి గెలకు నాలుగేళ్లు ఆగాలి, గెల కోసిన రోజులోపే ఫ్యాక్టరీకి చేరాలి, ఏ ఫ్యాక్టరీ అన్నది జోన్ ప్రకారం ముందే రాసి ఉంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన సగటు కమతం రెండున్నర ఎకరాలు. అంత భూమి ఉన్నవాడు నాలుగేళ్లు ఏం తినాలి? మొదట్లో అంతరపంట వేసుకోవచ్చంటారు, నిజమే, మరి దాని విత్తనానికి, దాన్ని అమ్ముకునే చోటుకు కూడా అంతే శ్రద్ధ ఎందుకు లేదు?

చోటు అంటే గుర్తొచ్చింది. మా అమ్మ ఒకసారి పదిహేను కిలోల బీరకాయ తీసుకుని ఒక రైతుబజారుకు పోయింది. కార్డు కావాలన్నారు. కార్డుకు పాస్‌బుక్ కావాలి. పట్టా నాన్న పేరు మీద, పంటల నమోదులో పంట కంది! గోనెసంచి పరచుకుని బస్టాండ్ బయట కూర్చుంటే తైబజారు అని రోడ్డు పక్కన అమ్ముకున్నందుకు రుసుము వసూలు చేశారు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకోకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఒకే చెలకలో పది పదిహేను పంటలు కలిపి పండిస్తూ విత్తనం దాచుకుంటున్నాయి, 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మన అధికారులను అక్కడికి ఒక పూట పంపండి, దూరం కూడా కాదు.

నేను కోట్లు అడగట్లేదు. ఏఈఓ చేసే పంటల నమోదులో మిశ్రమ పంటకు, పెరడుకు గడి పెట్టించండి. రైతుల మీటింగుల కోసం కట్టిన రైతు వేదికలు 2,601 ఉన్నాయి, మీటింగులు లేని రోజుల్లో తాళమే. వాటిలో నాటు కూరగాయల విత్తనం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేయించండి. పదిహేను కిలోలు తెచ్చిన మనిషిని పాస్‌బుక్ అడగకుండా రైతుబజారులో ఓ మూల కూర్చోనివ్వండి. ఆ గడ్డి మందు పత్తి విత్తనం మా దాకా ఎట్లా వస్తోందో కాస్త చూడండి.

వచ్చే వానాకాలం ఏఈఓ మళ్లీ వస్తాడు. మా అమ్మ మళ్లీ కంది నుంచి మొదలుపెడుతుంది. అంతా రాసుకోవడానికి కొంచెం టైం పడుతుంది, చాయ్ పెడతాం.

ఇట్లు,
ముప్పై గుంటల పట్టాదారు కొడుకు,
జనగామ జిల్లా