తుర్మాలే కనుమకు ఒక్క లైనైనా ఇవ్వరా?

సంపాదకుల గారికి నమస్కారం.

జూలై వచ్చిందంటే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు వార్త మీ క్రీడల పేజీలో ఓ మూలన కనిపిస్తుంది. అందుకు సంతోషమే. కానీ అందులో ఉండేది గెలిచినవాడి పేరు, దేశం, ఎన్ని సెకన్ల తేడా, జట్టు మేనేజర్ల స్పందనలు, అంతే. ఆ రోజు దారిలో ఏ కనుమ ఉంది, అది మధ్యలో వచ్చిందా చివర్లో వచ్చిందా, దాని మీద ఎవరు చేతులెత్తేశారు అన్నది ఉండదు. కొండల స్టేజ్ (రేసులో ఒక రోజు భాగం) జరిగిన రోజు అసలు వార్త అదేనండీ.

2025లో పో నుంచి సూపర్‌బాన్యేర్ దాకా జరిగిన 14వ స్టేజ్ తీసుకోండి. గెలిచింది ఆరెన్స్‌మన్, కాదనను. కానీ అప్పటికి అన్ని రోజుల టైమూ కలిపిన మొత్తం లెక్కలో మూడో స్థానంలో ఉన్న రెమ్కో ఎవెనెపూల్, పారిస్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు కొట్టిన మనిషి, ముగింపు గీత ఇంకా ఎక్కడో ఉండగానే తుర్మాలే కనుమ ఎక్కుతూ రేసు వదిలేశాడు. కనుమ పేరు రాయకపోతే అతనికి ఆ రోజు ఏమైందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఈ తుర్మాలే ఫ్రాన్స్‌లోని పైరనీస్ పర్వతాల్లో ఉంది, ఎత్తు 2,115 మీటర్లు. పడమటి వైపు లూజ్ ఊరి నుంచి ఎక్కితే 19 కిలోమీటర్లు, సగటు వాలు 7.4 శాతం, తూర్పు నుంచి 17 పైచిలుకు. ఏడు శాతమే కదా, ఏముందిలే అనిపిస్తుంది. చదునైన రోడ్డు మీద గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంటే శ్రమంతా గాలిని చీల్చడానికే పోతుంది, కాబట్టి ముందువాడి వెనక దాక్కుంటే బోలెడంత మిగులుతుంది, గుంపులో సగటు మనిషి కూడా బతికేస్తాడు. కొండెక్కేటప్పుడు వేగం పడిపోతుంది, దాక్కుంటే మిగిలేది తక్కువ, ఇక ఎవడి బరువు వాడే మోసుకోవాలి. అంతకుముందు రోజు దాకా వరసగా స్టేజ్‌లు గెలిచిన స్ప్రింటర్, అంటే చదును రోడ్డు మీద ఆఖర్లో దూసుకుపోయేవాడు, ఇక్కడ వెనకబడ్డ బండ బ్యాచ్‌లో చేరి, టైమ్ లిమిట్ లోపల చేరితే చాలు దేవుడా అనుకుంటూ తొక్కుతుంటాడు. లిమిట్ దాటితే మర్నాడు రేసులో ఉండడు మరి.

ఇంకో మాట కూడా చెప్పాలి, దీనికి చాలామంది ఒప్పుకోరు. కనుమ గొప్పతనం అది స్టేజ్ మధ్యలో వచ్చినప్పుడే తెలుస్తుంది, నెత్తి మీద ముగింపు పెట్టినప్పుడు కాదు. టూర్ తుర్మాలే మీదుగా 80 సార్లకు పైగా వెళ్లింది, కానీ పురుషుల రేసులో సరిగ్గా కనుమ మీదే ముగించింది 1974, 2010, 2019లో మాత్రమే. 2010లో మంచు పొగలో ఆండీ ష్లెక్, కొంటాడోర్ ఇద్దరే మిగిలారు, ష్లెక్ ఎంత లాగినా కొంటాడోర్ వదల్లేదు, చివరికి స్టేజ్ ష్లెక్‌ది, ఇద్దరి టైమూ ఒకటే, మొత్తం లెక్కలో వాళ్లిద్దరి మధ్య తేడా ఒక్క సెకను కూడా మారలేదు. 2019లో పీనో గెలిచినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను, అది వేరే సంగతి.

అదే 2023లో 6వ స్టేజ్ చూడండి. ఆ రోజు తుర్మాలే మధ్యలో వచ్చింది, ముగింపు కోత్రే దగ్గర. వింగెగార్డ్ జట్టు ముందుగానే తమ వాన్ ఆర్ట్‌ను బ్రేక్‌అవేలో, అంటే గుంపును వదిలి ముందుకెళ్లిన కొద్దిమందిలో, పంపించి పెట్టుకుంది. తుర్మాలే మీద మిగతావాళ్లు అదే జట్టువాడైన కుస్ వేగానికి రాలిపోయారు, తర్వాత వింగెగార్డ్ దాడి చేస్తే ప్రత్యర్థి పొగాచార్ ఒక్కడే అతన్ని పట్టుకుని ఉన్నాడు. కిందికి దిగాక లోయలో వాన్ ఆర్ట్ వాళ్లను లాక్కుపోయాడు. ఇంత చేశాక ఆఖరి ఎక్కుడులో పొగాచార్ ఎదురుదాడి చేసి 24 సెకన్లు పట్టుకుపోయాడు. మొత్తం లెక్కలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ హిండ్లీ ఒంటి మీది నుంచి వింగెగార్డ్‌కి వెళ్లింది. ఇంత కథ నడిచింది కనుమ ఇవతల, అవతల. "పొగాచార్ గెలుపు" అని ఒక్క ముక్క రాస్తే ఇందులో ఏం తెలుస్తుంది?

దిగుడు కూడా కనుమలో భాగమే, దాన్నెవరూ పట్టించుకోరు. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ గెలిచే అవకాశమున్న స్థితిలో తుర్మాలే దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ విరిగింది. అప్పటి రూలు ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిల్ భుజానేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సెంట్-మరీ-ద-కంపాన్ ఊళ్లో కొలిమి వెతుక్కున్నాడు, అధికారులు పక్కన నిలబడి చూస్తుంటే తనే ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి అతికించుకున్నాడు. చేతులు రెండే కదా, కొలిమి తిత్తి మాత్రం ఒక కుర్రాడు ఊదాడు. అందుకు పది నిమిషాల పెనాల్టీ! తర్వాత మూడుకు తగ్గించారట, గంటల కొద్దీ టైమ్ పోయినవాడికి అదో ఓదార్పు. అయినా రేసు వదలకుండా పారిస్‌లో ఏడో స్థానంలో ముగించాడు.

ఇదంతా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ రేసును 1903లో పుట్టించింది ఒక పత్రికే, లోటో అనే క్రీడా పత్రిక, అదీ సర్క్యులేషన్ పెంచుకోవడానికి. 1910లో తుర్మాలేను రేసులోకి తెచ్చిందీ ఆ పత్రిక విలేకరే. స్టైనేస్ అని, దారి చూడ్డానికి వెళ్లి మంచులో కారు ముందుకు కదలక, చీకట్లో నడిచి, దాదాపు ప్రాణం మీదికి తెచ్చుకుని, తీరా ఆఫీసుకు మాత్రం రోడ్డు బ్రహ్మాండంగా ఉంది అని టెలిగ్రామ్ కొట్టాడు. పచ్చి అబద్ధం! ఆ ఏడాది రేసులో లపీజ్ అనే రైడర్ చాలా చోట్ల సైకిల్ తోసుకుంటూనే తుర్మాలే దాటాడు, గారిగూ అనే ఇంకో రైడర్ మాత్రం సైకిల్ దిగకుండా తొక్కి వంద ఫ్రాంకులు బహుమతి పట్టాడు. పాత రోజుల్లో శిఖరం దగ్గర జనం అందించిన వార్తాపత్రికలను జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా దోపుకుని దిగేవాళ్లు, చలిగాలి తగలకుండా. పేపరుకు ఇంతకన్నా మంచి వాడకం ఉందా అని అడగను లెండి.

నేను పేజీలు అడగడం లేదు. కొండల స్టేజ్ ఉన్న రోజు ఆ దారి ఎత్తుపల్లాల గీత బొమ్మ ఒకటి చిన్నదిగా వేయండి, ఏ కనుమ ఎన్నో కిలోమీటరు దగ్గర వస్తుందో రాయండి, మర్నాడు దాని మీద ముందు ఎవరు దాటారో, ఎవరు విడిపోయారో రెండు వాక్యాలు ఇవ్వండి. స్థలం లేదంటే జట్టు మేనేజర్ల స్పందనలు తీసేయండి, వాళ్లు ఏటా అదే మాట చెబుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు