చేను తడవని వాన

సంపాదకుడికి,

కరువు మండలాల జాబితా వచ్చిన ప్రతిసారీ మా అనంతపురం జిల్లాలో మాటలన్నీ రెండింటి చుట్టే తిరుగుతాయి: ఇన్‌పుట్ సబ్సిడీ ఎంత, కాలువ నీళ్లు ఎప్పుడు. రెండూ కావాల్సినవే, కాదనను. కానీ చేనిపై పడే వాన సంగతి ఎవరూ ఎత్తరు. జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరాపై ఒక్క మిల్లీమీటరు కురిస్తే 4 వేల లీటర్లు. అంటే ఏడాదికి ఎకరాకు 22 లక్షల లీటర్లు. చిక్కల్లా అందులో ఎక్కువ భాగం ఏవో కొన్ని గట్టి వానల్లోనే వచ్చి, గంటలో వంక పట్టడమే.

చెనక్కాయను (వేరుశనగను) చెట్టుతో సహా పీకేస్తాం. కాయ అమ్మకానికి, కట్టె పశువులకు. కార్తీకం దాటాక చేలో వేరు కూడా మిగలదు. మళ్లీ విత్తే దాకా ఏడెనిమిది నెలలు ఆ ఎర్రనేల ఎండకు మాడుతుంది. దానిమీద పెద్ద చినుకులు పడితే సన్నమట్టి చెదిరి, సందులు పూడి, పైన పెచ్చు కడుతుంది. వాన వెలిశాక గడ్డపారతో లేపి చూడండి, జానెడు లోతున మట్టి పొడిపొడిగానే ఉంటుంది. వంకలో మాత్రం ఎర్రనీళ్లు పరుగెడుతుంటాయి. ఆ ఎరుపు మా చేని పైమట్టే.

ఫారంపాండ్లు, అంటే చేలల్లో వాననీటి కుంటలు, తవ్వాం కదా అంటారు అధికారులు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంటను నిలువుగా తవ్వినా పట్టేది 2 లక్షల లీటర్లే. ఎకరాపై 50 మిల్లీమీటర్లు కురిస్తే అంత నీరు వస్తుంది. పైగా మా వైపు కొన్ని కుంటలు చేనికి ఎగువ మూలన తవ్వారు. నీళ్లు ఎగువకు ఎక్కవని కొలతలు వేసినవారికి ఎవరు చెప్పాలి! బిల్లులు మాత్రం అయిపోయాయి.

కుంటలు వద్దనడం లేదు. ముందు చేను నీళ్లు తాగాలి. వాలుకు అడ్డంగా కందకాలు, గట్లు గుట్ట దగ్గర మొదలై కిందికి రావాలి. పైన వదిలేసి కింద చెక్‌డ్యామ్ కడితే పూడిపోవడమే. తొలకరికి ముందే నవధాన్యాల గుళికలు, అంటే మట్టి పూత పట్టించిన రకరకాల విత్తనాలు, చల్లమని ప్రకృతి సేద్యం చూసే ప్రభుత్వ రైతు సాధికార సంస్థ చెబుతున్నది మంచి మాటే. నేలకు కప్పు ఉంటుంది, వేళ్ల వెంట నీరు దిగుతుంది. కానీ సభల్లో చెప్పని అడ్డంకి ఒకటుంది: జీవాలు, అంటే గొర్రెలు, మేకలు. వేసవిలో ఊరంతటికీ ఒక్క చేను పచ్చగా కనిపిస్తే మందలు అందులోకే దిగుతాయి. కాపరులూ మావాళ్లే, వాళ్లను తిట్టి లాభం లేదు. ఊరికి ఒక పక్కనున్న పొలాలన్నిటిలో రైతులంతా కలిసి చల్లి, కొంత మేతకు వదులుతామని వాళ్లతో ముందే ఒప్పుకుంటే తప్ప ఈ పని నిలవదు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. ఈ వేసవి ఉపాధి పనుల్లో చేని కందకాలకు, గట్లకు మొదటి చోటు ఇవ్వాలి. వాలు ఎటుందో తెలిసిన రైతును వెంటబెట్టుకుని ముగ్గు పోయాలి. నవధాన్యాల విత్తనాలు మే మొదటి వారానికల్లా ఊరికి చేరాలి, జూలైలో వస్తే ఎవరికీ అక్కర్లేదు. తొలి పెద్ద వాన పడిన మర్నాడు అధికారులు చేలకు వచ్చి, ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారన్న లెక్కతో పాటు నేల ఎంత లోతు తడిసిందో కూడా కొలిచి రాసుకోవాలి.

– ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా