ఓటికుండ అంటే ఖాళీకుండ కాదు

సంపాదకులకు నమస్కారం.

'ఓటికుండకు మోత ఎక్కువ' అన్న సామెతకు మీ పిల్లల పేజీలో 'ఖాళీకుండ ఎక్కువ చప్పుడు చేస్తుంది' అని అర్థం ఇచ్చారు. ఇంగ్లీషు సామెతను తెచ్చి తెలుగు సామెత మీద బోర్లించడం వల్ల వచ్చే తప్పు ఇది. ఖాళీదాన్ని వట్టికుండ అంటాం. ఓటికుండ అంటే బీటవారిన కుండ.

ఇందులోని అసలు మాట 'ఓడు'. పగిలిన మట్టిపాత్ర, పెంకు అని దాని పాత అర్థం. కాడు కాటి (కాటికాపరి), కూడు కూటి (కూటికుండ) అయినట్టే, ఓడు మరో మాటకు ముందు చేరితే ఓటి అవుతుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణం ఔపవిభక్తికాలన్నది ఇలాంటివాటినే. తమిళంలో ఆ ఓడు ఇంకా నిక్షేపంగా ఉంది: ఇంటి కప్పు మీది పెంకు ఓడే, తాబేటి డిప్పా ఓడే, సన్యాసి చేతి భిక్షాపాత్ర తిరువోడు. కన్నడంలోనూ కుండపెంకును ఓడు అంటారు. మన నోట ఆ మాట విడిగా వినబడడం మానేసి 'ఓటి'లో మాత్రం మిగిలింది. ఓటిపడవ అన్నప్పుడు ఖాళీపడవ అని ఎవరూ అనుకోరు కదా!

ఇక మోత సంగతి. కుండను ఎడమచేతి వేళ్ల మీద నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో పక్కన తట్టి చూడండి. బాగా కాలినది ఖంగుమని ఒకే స్వరం పలుకుతుంది. కుండ ఖాళీగా ఉంటేనే ఆ పలుకు తేటగా వినబడేది! బీట ఉంటే దాని రెండంచులూ ఒరుసుకుని బొంగురుగా జర్రుమంటుంది. స్వరం చచ్చి మోత మిగులుతుంది. సామెత చెప్పేది ఆ మోత గురించే.

చెవికి అనుమానం తీరకపోతే కుండంతా తడిగుడ్డతో తుడవండి. మిగతా భాగం ఆరిపోయినా బీట ఉన్నచోట వెంట్రుకంత తడిగీత నిలుస్తుంది. కొత్తకుండ ఒళ్లంతా సమంగా చెమర్చడం వేరు. నీళ్లు చల్లబడేది దానివల్లే, అది లోపం కాదు.

ఇంతకీ కుండకు బీట ఎలా పడుతుంది? పచ్చికుండ నీడలో పూర్తిగా ఆరకముందే ఆవంలో (కుమ్మరి కుండలు కాల్చే బట్టీలో) పెడితే లోపలి తడి ఆవిరై పగలదీస్తుంది. ఆవం చల్లారకముందే విప్పినా బీటలు వారుతాయి. అన్నిటికంటే మోసకారి మట్టిలోని సున్నపురాయి. కాలి సున్నమై, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది. కొన్నరోజు ఖంగుమన్న కుండ వారాల తర్వాత పెచ్చులూడడానికి, కొన్నిసార్లు ఓటిపోవడానికి కారణం అదే.

పిల్లల పేజీలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు