పంచాంగంలో మడిచిన కాగితం

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి వాణికి,

నాన్న ఆశీర్వాదాలు. ఇక్కడ అందరం బాగున్నాం. గంగమ్మ జాతర అయిపోయింది, ఎండ మాత్రం తగ్గలేదు. మొన్న రాత్రి గాలికి పెరట్లో మునగకొమ్మ విరిగి సుబ్బు వాళ్ల గోడ మీద పడింది. గోడకేం కాలేదు. మీ అమ్మ ఆకంతా దూసి ఇంటింటికీ పంచింది. నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులయింది. పని ఎక్కువై ఉంటుందిలే.

పీలేరు పిన్నమ్మ వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. మీ ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేశారట, నీకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారట. ఆమెకు స్వప్న చెప్పింది. నాన్నకు చెప్పొద్దన్నావట కూడా. నేనేమీ అనడం లేదు. రిపోర్టు ఫొటో తీసి పంపు, అంతే.

ఈ ఏడు బేనిషా మామిడికాయ బాగా వచ్చింది. ఎప్పుడూ రెండు డజన్లు పంపేవాణ్ణి కదా, ఈసారి ఎన్ని పంపాలో తెలీక మీ అమ్మ బుట్ట ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆరు పెట్టాం. పాపకు పెట్టి, నువ్వు ఒక పూట రెండు ముక్కలు తిను. అన్నం మీద తినొద్దు.

నీకు మీ తాత కాలు గుర్తుందో లేదో. 1999లో నీకు టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పుడు, నిన్ను కొండకు నడిపించుకొస్తానని ఆయన మొక్కుకున్నాడు. నీకప్పుడు ఆరేళ్లు. అలిపిరి దగ్గర చెప్పులు విడిచి మొదలుపెట్టాం. 3550 మెట్లు, సగం దూరం నువ్వు నా భుజమ్మీదే. ఆయన ముందు నడుస్తున్నాడు. మా వెనక ఒకావిడ మెట్టుమెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది. కొంత దూరం పోయాక ఆమె ఆగి, 'పెద్దాయనా, మీ కాలు చూసుకోండి' అంది. ఆయన వంగి చూసి, 'మెట్ల మీది కుంకుమేలేమ్మా' అని నడిచాడు. నేనూ కుంకుమే అనుకున్నా. గాలిగోపురం దగ్గర కుళాయి కింద కాలు కడిగితే ఎరుపు పోయి మళ్లీ ఎరుపు వచ్చింది. బొటనవేలి కింద గాజుముక్క అంగుళం లోతు దిగి ఉంది. నేను దాన్ని పీకుతుంటే ఆయన నీకు మరమరాలు తినిపిస్తున్నాడు. 'అబ్బా' అనైనా అనలేదు. ఆయనకు తెలియలేదమ్మా. నాకు ఆ క్షణమే కడుపులో దేవినట్టయింది.

మొక్కు పూర్తి చేసే దిగాడు. మూడు నెలలు కట్టు కట్టించినా పుండు మానలేదు, చివరికి వేలు తీసేశారు. ఆస్పత్రిలో రేషన్ కార్డు అడిగితే వెతకడానికి ట్రంకుపెట్టె తీశాను. పాత పంచాంగంలో నాలుగు మడతలు పెట్టిన చీటీ దొరికింది. 1991 నాటిది. షుగర్ బోర్డర్‌లో ఉంది, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి అని రాసుంది. మీ అవ్వకు కూడా చెప్పలేదు. మమ్మల్ని కంగారుపెట్టడం ఎందుకని దాచాడు. ఆ ఎనిమిదేళ్లలో ఆయనకు ఒంట్లో ఏ బాధా లేదు. అందుకే షుగర్ లేదనుకున్నాడు. లోలోపల అది ముదిరి కాలికి స్పర్శే పోయింది. తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత గుండె. మిగతాదంతా నీకు తెలిసిందే.

పార్కులో నాతో నడిచే రిటైరైన డాక్టరు గారిని అడిగాను. నీ పేరు చెప్పలేదు. పరగడుపున షుగర్ 100 నుంచి 125 దాకా, మూడు నెలల సరాసరి చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే బోర్డర్ అంటారట. 126, 6.5 లేదా అంతకు పైన ఉంటే షుగర్ జబ్బే. నీది 6.1 అని పిన్నమ్మ అంటోంది, ఆమె మాట ఎంతవరకు నిజమో రిపోర్టు చూస్తే కదా తెలిసేది. బోర్డర్‌లో ఉన్నప్పుడే గుండెకు ముప్పు పెరుగుతుందని ఆయన చెప్పాడు. కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకో. పాప కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో నీకు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోయిందన్నారు, మనమూ మరిచిపోయాం. కాన్పయిన మూడు నెలల్లోపు గ్లూకోజు తాగించి మళ్లీ పరీక్ష చేయాలట. అలా వచ్చినవాళ్లు ఆ తర్వాత కూడా ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండాలట. ఆ పరీక్ష నీకు చేయించలేదు. అది నా తప్పు కూడా.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ ఇది విను. నీలా బోర్డర్‌లో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషులను అమెరికాలో దాదాపు మూడేళ్లు చూసి 2002లో లెక్క చెప్పారు. బరువులో 7 శాతం తగ్గడానికి తిండి అదుపులో పెట్టుకుని, వారానికి 150 నిమిషాలు నడిచినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే. చెన్నైలో మనవాళ్ల మీద చేసినప్పుడు తిండి, నడకతో తగ్గింది 28 శాతం. అదైనా తక్కువేం కాదు. నువ్వు 72 కిలోలు కదా, ఐదు కిలోలు తగ్గితే చాలు. రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు. అల్లుడు గారు పాపను చూసుకుంటారు, నేను మాట్లాడతాను. తాతకు ఆ చీటీ ఇచ్చిననాడు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. నీకున్నారు.

చక్కెర మానేసి బెల్లం వేసుకుంటే ఏం కాదని మీ అమ్మ చిత్తూరు బెల్లం రెండు కిలోలు కట్టబోయింది. తీయించేశాను, అదీ చక్కెరే. రాగిపిండి పంపుతున్నాను. సంగటి మంచిదే కానీ పెద్ద ముద్దలు రెండు లాగించొద్దు. చిన్న ముద్ద ఒకటి, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ. ఊరిబిండి పచ్చడి డబ్బా వేరేగా ఉంది, మూత గట్టిగా పెట్టు. రాత్రి తొమ్మిదిన్నరకు తింటున్నావని స్వప్నే చెప్పింది. ఎనిమిదికల్లా తిను.

రాజు రేపు మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాడు, బుట్ట అతని చేత పంపుతున్నా. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, గడ్డిలోనే ఉంచు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

బుధవారం పొద్దున పరగడుపు పరీక్షకు వెళ్లు. మంగళవారం రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు, కాఫీ కూడా. ఆరున్నరకు ఫోన్ చేస్తాను. బయలుదేరే ముందు ఒక్కసారి ఎత్తు తల్లీ.

మీ నాన్న