ఏ నాంపల్లి, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నల్లగొండ జిల్లా నాంపల్లి మండలం నుంచి రాస్తున్నాను. మాది ఫ్లోరైడ్ చూసిన నేల. నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకుంటేనే 1.5 దాకా అని ఇక్కడ చాలామందికి నోటికొచ్చు. అందుకే వాన ఎంత పడింది, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఫ్లోరైడ్ ఎంత తేలింది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం.

ఈమధ్య ఒక ఆఫీసులో ఈ మూడు లెక్కలూ ఒకే తెర మీద కనిపించే డ్యాష్‌బోర్డు చూపించారు. పైన నాంపల్లి అని నొక్కితే వర్షపాతం టేబుల్ మారింది. మిగతా రెండూ కదల్లేదు. భూగర్భజలాల టేబుల్‌లో అంతకుముందు ఎవరో చూసిన దేవరకొండ అంకెలే ఉన్నాయి. నేనేమో అవి మావేననుకుని గ్రామసభలో చదివాను. "ఇవి మన బోర్లేనా?" అని ఒక పెద్దాయన అడిగేదాకా నాకు తెలియలేదు.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మండలాల పట్టిక ఒకటి విడిగా పెట్టాలి. మండలానికి ఒక్కటే వరుస, ఒక్కటే కోడ్. మిగతా టేబుళ్లలో ఆ మండలం వందసార్లు వచ్చినా అదే కోడ్ ఉండాలి. అన్నింటినీ ఈ పట్టికకు కలిపి, మండలాన్ని ఎంచుకునే ఫిల్టర్ దీనికే పెడితే మూడూ ఒకేసారి మారతాయి. డ్యాష్‌బోర్డులు తయారుచేసే పవర్ బీఐ సాఫ్ట్‌వేర్‌లో ఇలా కలపడాన్ని రిలేషన్‌షిప్ అంటారు. ఎక్సెల్ డేటా మోడల్‌తోనూ అవుతుంది. వాన లెక్క రోజువారీది, నీటిమట్టం నెలవారీది కాబట్టి తేదీలకూ ఇలాంటి పట్టికే కావాలి.

పేరుతో మాత్రం కలపొద్దు. రైల్వే స్టేషన్ ఉన్న నాంపల్లి హైదరాబాద్‌లో ఉంది, బత్తాయి తోటలున్న నాంపల్లి మాది. అదీగాక ఇంగ్లిష్‌లో ఒకరు చివర ఐ రాస్తారు, ఇంకొకరు వై. కేంద్రం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి మండలానికీ ఇప్పటికే కోడ్ ఉంది, అదే వాడొచ్చు. జిల్లా పేరు కూడా మండలాల పట్టికలోనే ఉండాలి. లేకుంటే 2016 అక్టోబర్‌కు ముందు లెక్కల్లో భువనగిరి, సూర్యాపేట ఇంకా నల్లగొండలోనే కనిపిస్తాయి. గట్టుప్పల్ లాంటి కొత్త మండలాలకు ఇదీ చాలదు. ఆ ఊళ్ల పాత లెక్కలు పాత మండలాల్లో కలిసిపోయి ఉన్నాయి, గ్రామ కోడ్ దాకా దిగాల్సిందే. ఓపిక కావాల్సిన పని అదొక్కటే.

ఇదంతా అయ్యేలోపు, కనీసం ప్రతి టేబుల్ పైన అది ఏ మండలానిదో పెద్ద అక్షరాల్లో రాయించండి. వచ్చే గ్రామసభలోనూ చదవాల్సింది నేనే.

ఇట్లు,
నాంపల్లి (నల్లగొండ జిల్లా) వాసి