నాన్నగారి కర్మకాండలో తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారు కాలం చేసిన నాటి నుంచి కర్మకాండ ముగింపుగా చేసే శుభస్వీకారం వరకు మా ఇంటికి అండగా నిలిచిన సత్యనారాయణపురం ఇరుగుపొరుగు వారికి, బంధువులకు, ముఖ్యంగా మా పురోహితులు గారికి, అమ్మ తరఫున, అక్క తరఫున, నా తరఫున నమస్కారాలు.

అక్క దూరం నుంచి రావలసి ఉండడంతో నాన్నగారిని ఆ రాత్రి ఫ్రీజర్ బాక్సులో ఉంచాము. ఏది ముందో, ఏది తర్వాతో తెలియక మేము తల్లడిల్లుతుంటే, పురోహితులు గారు ఒక కాగితం తీసుకుని, దహనం దేహానికి చేసే సంస్కారమనీ, ఆపై పది రోజుల కర్మలు ప్రేతానికి చేసేవనీ, పన్నెండో రోజున ఆ ప్రేతం పితృదేవతలలో చేరుతుందనీ మూడు భాగాలుగా రాసి చూపించారు. పాడె కట్టడం, దింపుడు కళ్ళెం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవడం, నీళ్ళకుండకు చిల్లు పెడుతుండగా చితి చుట్టూ తిరగడం, తలకొరివి, ఇవన్నీ మొదటి భాగంలోనివి. సంచయనం నాడు అస్థులను పాలతో తడిపి ఏరి, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలిపాము. రోజూ పెట్టే పిండంతో ప్రేతానికి ఒక్కొక్క అవయవం ఏర్పడుతుందని, తొలి పిండంతో శిరస్సు వస్తుందని గరుడ పురాణం చెబుతుందట. అది విన్న తర్వాత నేను ఏ పిండాన్నీ తొందరగా పెట్టలేకపోయాను.

పన్నెండో రోజున ప్రేతాన్ని పితృదేవతలలో కలిపే సపిండీకరణం గురించి పురోహితులు గారు ముందే హెచ్చరించకపోతే చాలా ఇబ్బంది పడేవాళ్ళం. ప్రేత పిండాన్ని మూడు భాగాలు చేసి, నాన్నగారి తండ్రి, తాత, ముత్తాతల పిండాలలో కలపాలి కనుక, ఆ మూడు తరాల పేర్లూ గోత్రంతో సహా చెప్పగలగాలి. ముత్తాతగారి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. బాబాయి గుంటూరు నుంచి పాత పొలం దస్తావేజులు తెచ్చి, ఒక్కో కాగితం విప్పి చూసి, ఆ పేరు పట్టుకున్నారు. బాబాయికి ఏమిచ్చి ఋణం తీర్చుకోగలను?

పదో రోజున అమ్మకు గాజులు తీసే తంతు వద్దని మేనత్త గట్టిగా చెప్పింది. ఏది శాస్త్రమో, ఏది ఇంటి ఆచారమో విడదీసి చూడాలని, ఆచారాన్ని కుటుంబం మార్చుకోవచ్చని పురోహితులు గారు కూడా ఆమె మాటనే బలపరిచారు. ఇతర కుటుంబాలలో పెద్దకర్మ జరిపే రోజు కూడా వేరుగా ఉంటుంది కనుక, ఏర్పాట్లకు ముందు తమ ఇంటి పెద్దలను అడగడం మంచిదని నా అభిప్రాయం. అత్తయ్యా, ఆ రోజు నువ్వు అమ్మ పక్కన నిలబడినందుకు మేమిద్దరం నీకు జీవితాంతం ఋణపడి ఉంటాము.

మా ఇంట పొయ్యి వెలిగించని రోజున క్యారియర్లలో అన్నం పంపిన పక్కింటి వారికి, పాడె కట్టి భుజం పట్టిన వారికి, శ్మశానవాటికలో చితి పేర్చిన కాటికాపరులకు, 21 రోజుల లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదని చెప్పి మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు రాయించిన వార్డు సచివాలయం సిబ్బందికి కూడా వందనాలు.

సంవత్సరీకం వరకు నెలనెలా జరపవలసిన మాసికాల తిథులు కూడా పురోహితులు గారి కాగితంలోనే ఉన్నాయి. బంధుమిత్రులలో ఎవరికి అవసరమైనా అడగండి, జిరాక్సు తీసి ఇస్తాను.